మాసానికో పువ్వు, పెళ్ళికో జడ

మా ఇంట్లో పెళ్ళి కుదిరిందంటే పెద్దలందరూ పంచాంగం ముందేసుకొని తిథి, నక్షత్రం, లగ్నం చూసుకుంటుంటే మా నాయనమ్మ మాత్రం మాసం ఒక్కటే అడిగేది. మాసం పేరు చెబితే చాలు, పెళ్ళికూతురి జడలో ఏముంటుందో, పందిట్లో ఏం వేలాడుతుందో, పేరంటాళ్ళకు ఏం పంచుతారో ఆవిడకు అప్పటికప్పుడే తేలిపోయేది. మాఘమంటే చేమంతి, దవనం, వైశాఖమంటే మల్లె, శ్రావణమంటే జాజి, సంపెంగ, మొగలి, కార్తీకమంటే కనకాంబరం, బంతి. పూలను మనం ఎంచుకుంటామన్న ఆలోచనే ఆ రోజుల్లో కోనసీమలోని మా ఊళ్ళో ఎవరికీ లేదు. ముహూర్తం సిద్ధాంతిగారు పెడతారు, పూలు ఋతువు ఇస్తుంది. వచ్చిన పూలలో ఏది తలకు, ఏది మెడకు, ఏది గుమ్మానికి అన్నది తేల్చుకోవడమే మనిషి పని. ఆ తేల్చుకోవడంలోనే మా నాయనమ్మ పనితనమంతా ఉండేది.

పెళ్ళిళ్ళు ఏడాది పొడవునా సమానంగా ఉండవు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలని వదిలేస్తారు; గురుమూఢమో శుక్రమూఢమో వచ్చిందంటే మిగిలిన మాసాల్లోనూ కొన్ని వారాలు పోతాయి; అధికమాసం వస్తే అదొకటి. చివరికి మిగిలేవి మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాలు, శ్రావణం, కార్తీక మార్గశిరాలు. పూలేమో పంచాంగం చూసుకొని పూయవు. బంతీ చేమంతీ విరగబూసి తోటలన్నీ పచ్చబడేది సరిగ్గా పుష్యంలోనే, అప్పుడు ఒక్క ముహూర్తమూ ఉండదు. ఆ పూలన్నీ గొబ్బెమ్మలకూ సంక్రాంతి గుమ్మాలకూ పోయేవి. మొగలి పొత్తుల వాసన కాలవ గట్లంతా గుప్పుమనేది భాద్రపదంలో, అదీ శూన్యమాసమే. "పెళ్ళిళ్ళు లేనప్పుడే వీటికి పెళ్ళికళ వస్తుంది" అని నాయనమ్మ విసుక్కునేది. అందుకే మాసం తెలిశాక ఆవిడ వేసే రెండో ప్రశ్న, శుద్ధంలోనా బహుళంలోనా అని. మాఘ శుద్ధమైతే చేమంతి ఇంకా దిట్టంగా ఉంటుంది. ఫాల్గుణ బహుళం దాకా వెళ్ళిందంటే చేమంతి రేకులు రాలిపోతుంటాయి, మల్లె ఇంకా పూర్తిగా అందుకోదు, పెళ్ళివారి పని రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది.

మల్లెపూల పెళ్ళంటే నాకు మా చిన్నత్త పెళ్ళే. వైశాఖ మాసం, రాత్రి ముహూర్తం. పెళ్ళి వైశాఖంలో అయినా పూల పని పుష్యంలోనే మొదలైంది, ఎందుకంటే సంబంధం ఖాయమైందని తెలియగానే నాయనమ్మ పెరట్లో బావి గట్టు పక్కనున్న మల్లె పొదలకు నీళ్ళు పోయడం మాన్పించింది. కొన్నాళ్ళు అలా ఎండగట్టి, ఆ తరువాత ఆకంతా దూయించి, కొమ్మల కొసలు కత్తిరించి, మొదట్లో పశువుల ఎరువు వేయించి, అప్పుడు మళ్ళీ నీళ్ళు పెట్టించింది. ఆకు దూసిన మల్లె కొత్త చిగురు వేస్తుంది, ఆ చిగురు కొసనే మొగ్గ తొడుగుతుంది. ఆకు నిండుగా ఉన్న ముదురు పొద చూపుకు బాగుంటుంది గాని పూలకు కొరగాదు. మోడులుగా మిగిలిన పొదలను చూసి అత్త పెళ్ళికి పూలు లేకుండా చేసేశారని నేను తెగ బాధపడ్డాను. ఉగాది దాటేసరికి ఆ మోడులు చూడబోతే ఆకు కనిపించనంతగా మొగ్గ వేశాయి.

ఒక్క ఇంటి పొదలు పెళ్ళికి చాలవు. పెళ్ళికి కొన్ని రోజుల ముందు నుంచే మా అమ్మ వీధిలోని ఇల్లిల్లూ తిరిగి "వదినా, ఫలానా రోజు మీ మొగ్గలు మాకు అట్టే పెట్టాలి" అని చెప్పుకొని వచ్చింది. కాదన్నవాళ్ళు లేరు, ఎందుకంటే రేపు వాళ్ళింట్లో పెళ్ళి అయితే మా మొగ్గలు వాళ్ళవి. పెళ్ళినాడు ఎండ ముదరకముందే ఒక్కొక్క ఇంటి నుంచి సోలెడూ తవ్వెడూ మొగ్గలు గిన్నెల్లోనూ అరిటాకు పొట్లాల్లోనూ వచ్చి మా వసారాలో తడిగుడ్డ మీద కుప్పగా పడ్డాయి. ఆ కుప్పలోంచి జడకు పనికివచ్చేవాటిని ఏరడం పిల్లల పని. ఆ సాయంత్రం విచ్చే మొగ్గ నిండుగా, అచ్చమైన తెలుపుతో ఉంటుంది. మర్నాడు విచ్చేది ఇంకా కాస్త ఆకుపచ్చ చాయ వదలదు, గట్టిగా ఉంటుంది. రెండూ కలిపి కుట్టామంటే రాత్రికి జడ సగం విచ్చి, సగం మూసుకొని అతుకుల బొంతలా కనిపిస్తుందని నాయనమ్మ మాకు ఒకటికి పదిసార్లు చెప్పింది.

పూలజడ కుట్టే పద్ధతి ఆవిడది ఇలా ఉండేది. అరటి బోదె నుంచి మెత్తని లోపలి పట్టను ఒలిచి, అత్త జడ పొడవుకు కొలత పెట్టి, పైన వెడల్పుగానూ కిందికి వచ్చేకొద్దీ సన్నగానూ కోసేది. అట్టముక్క మీద కుట్టేవాళ్ళూ ఉన్నారు గాని, పట్టలోని తడి మొగ్గను రాత్రి దాకా వాడనివ్వదని నాయనమ్మ పట్టనే వాడేది. సన్నని సూదికి తెల్ల దారం ఎక్కించి, మొగ్గలను కాడల వైపు నుంచి వరసగా గుచ్చి, ఆ వరసను పట్టకు అడ్డంగా పరచి రెండు చివరలా కుట్టు వేసేది. ఒక వరసలో మొగ్గల తలలు కుడివైపుకు ఉంటే తరువాతి వరసలో ఎడమకు. నాలుగైదు వరసలకొకసారి కనకాంబరాల గీత, దాని అంచున మరువపు రెమ్మ. పైన తల దగ్గర గుండ్రని బిళ్ళ, మధ్యలో ఎర్ర గులాబీ, కింద కుచ్చులు. నడుమ ఎవరైనా వచ్చి మాటల్లో పెడితే సూది ఆపకుండానే సమాధానం చెప్పేది గాని, తల ఎత్తేది కాదు. మధ్యాహ్నం భోజనాల వేళకు జడ పూర్తయితే దాన్ని తడిగుడ్డలో చుట్టి, చీకటి గదిలో కుండల పక్కన పెట్టి, ఆ గది గడియ వేసి తాళంచెవి బొడ్లో దోపుకుంది.

అందరికీ నచ్చినది ఆ తరువాతి సంగతి. సాయంత్రం జడ కట్టినప్పుడు అన్నీ మొగ్గలే. నున్నగా, గట్టిగా, వాసన కూడా అంతంత మాత్రం. చిన్నత్త గౌరీపూజకు కూర్చున్నప్పుడు ఒకటీ అరా నోరు తెరిచాయి. గంపలో కూర్చోబెట్టి మా మేనమామ వరసవాళ్ళు పందిట్లోకి తెచ్చేసరికి వరసలన్నీ కదలడం మొదలైంది. తెర పట్టి, జీలకర్ర బెల్లం పెట్టించే వేళకు మొత్తం జడ విచ్చుకొని వెడల్పు రెట్టింపు అయ్యింది. పెట్రోమాక్సు లైటు వేడికీ, జనం మధ్య ఉక్కకూ వాసన పందిరంతా నిండిపోయింది. రాత్రి ముహూర్తానికి మల్లెను మించిన పువ్వు లేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. అదే వైశాఖంలో పగటి ముహూర్తమైతే మాత్రం నాయనమ్మ మల్లెల జడ వద్దనేది; ముందురోజు మొగ్గలు రాత్రే విచ్చి తెల్లారేసరికి వడిలిపోతాయి, ఆనాటి మొగ్గలేమో సాయంత్రం దాకా నోరు తెరవవు.

మర్నాడు చిన్నత్తను అమలాపురం తీసుకెళ్ళి స్టూడియోలో ఫొటో తీయించారు. అప్పటికి విడిచిన జడ వాడిపోయింది కనుక అదే పట్ట మీద కొత్త వరసలు కుట్టారు. వెనక నిలువుటద్దం పెట్టి, ముఖమూ జడా రెండూ ఒకే ఫొటోలో పడేలా తీయడం ఆ కాలపు స్టూడియోవాళ్ళ విద్య. ప్రతి వేసవిలోనూ పిల్లలకు పూలజడలు వేసి అలాగే ఫొటోలు తీయించేవారు. గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లో పాత ఆల్బం తెరిచినా అద్దం ముందు బిగుసుకొని నిలబడ్డ ఆడపిల్ల ఒకతె ఉంటుంది.

శ్రావణంలో పెళ్ళంటే నాయనమ్మకు భయం. వాన ఒక పక్క, వరలక్ష్మీవ్రతాలు ఒక పక్క. శుక్రవారానికి అటూ ఇటూ ముహూర్తం పడితే ఊళ్ళో పూలకు కరువే. మల్లె అప్పటికి వెనకబడుతుంది, చేమంతి ఇంకా నారు దశలోనే ఉంటుంది. జాజి పూస్తుంది గాని జాజి సుకుమారం, సూది గుచ్చితే ఓర్చుకోదు, నారతో మాల కట్టుకోవలసిందే. నేల సంపెంగలను మేము లిల్లీలనే అంటాం. వాటి దండలు వానకు తట్టుకుంటాయి కనుక పెళ్ళికొడుకు మెడకు అవే. జడ సంగతే చిక్కు. మా పెద్దక్క పెళ్ళి సరిగ్గా అలాంటి ముహూర్తానికే వచ్చింది, దాంతో నాయనమ్మ మొగలి రేకుల జడ వేస్తానంది.

మొగలి కోయడం ఆడవాళ్ళ వల్ల అయ్యే పని కాదు. కాలవ గట్టున పొద నిండా ముళ్ళు, కింద బురద, అందులో పాములుంటాయన్న భయం. మా బాబాయి దోటీకి కొడవలి కట్టుకొని, మోకాళ్ళ దాకా గోనెపట్టాలు చుట్టుకొని వెళ్ళి, మధ్యాహ్నానికి కొన్ని పొత్తులు తెచ్చాడు. శ్రావణం మొదట్లో కనుక అన్నీ విచ్చలేదు. విచ్చనివాటిని నాయనమ్మ చేత్తో ఒలిచి లోపలి లేత పసుపు రేకులను బయటికి తీసింది. ఆ రేకు అంచుల వెంటా, వెనక నడిమి ఈనె మీదా సన్నని ముళ్ళుంటాయి. వాటిని పాత బ్లేడుతో గీకి, రేకును మడతపెట్టి, మడతలోంచి మరో రేకు దూర్చి, చాప అల్లినట్టు జడ పొడవునా అల్లుకుంటూ పోయింది. మల్లెల జడ మెత్తన, ఇది పెళుసు. తల తిప్పితే చిన్నగా చప్పుడు చేసేది. రంగు మాత్రం జడకు బంగారు నాగరం నగ పెట్టినట్టే ఉంది.

ఆ జడ చూసి పెళ్ళికొడుకు తరఫు పెద్దావిడ ఒకరు నొసలు చిట్లించారు. బ్రహ్మ కోసం అబద్ధపు సాక్ష్యం చెప్పి శివుడి శాపం తిన్న పువ్వు కదా, అది పెట్టుకొని పిల్ల గౌరీపూజ ఎలా చేస్తుందని ఆవిడ అభ్యంతరం. నాయనమ్మ కుట్టు ఆపి "వదినగారూ, శాపం అయ్యవారి దగ్గర గాని అమ్మవారి దగ్గర కాదు కదండీ" అంది. ఆవిడకు నవ్వొచ్చింది, గొడవ అక్కడితో సరి. వెళ్ళేటప్పుడు మిగిలిన రేకులు అడిగి పట్టుకెళ్ళారు, పట్టుచీరల పెట్టెలో వేసుకోవడానికి. ఆ రేకు ఎండి గోధుమరంగుకు తిరిగినా పెట్టె తెరిచినప్పుడల్లా వాసన వస్తుంది; అక్క పెళ్ళిచీర మడతల్లో అలా చాలా ఏళ్ళు ఉంది.

మాఘమాసపు పెళ్ళిళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఎందుకంటే అవి సుఖమైన పెళ్ళిళ్ళు. చేమంతి రెండు మూడు రోజులున్నా చెక్కుచెదరదు, కనకాంబరం వాసన లేకపోయినా రంగుకు లోటు చేయదు, దవనం ఒక్క రెమ్మ ఉంటే వాసన సంగతి అది చూసుకుంటుంది. కాలి బొటనవేలికి తడి అరటినార తగిలించుకొని నలుగురు ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ మూరలకు మూరలు కదంబం కట్టేసేవారు. బంతి గుమ్మానికీ పందిరికీ మాత్రమే. బంతి పూలు జడలో పెట్టుకున్న పెళ్ళికూతురిని మా ఇంట్లో నేను చూడలేదు. మా రెండో మేనత్త పెళ్ళి మాఘంలోనే జరిగింది, పూల గురించి ఎవరూ కంగారుపడిన గుర్తు లేదు.

ఏ లెక్కా పనిచేయని పెళ్ళి 1996 కార్తీకంలో వచ్చింది. ఆ ఏడు నవంబరు 6 రాత్రి కాకినాడకు దగ్గరలో తీరం దాటిన తుపాను కోనసీమను దున్నేసింది. దీపావళికి నాలుగు రోజుల ముందు మాట. తెల్లవారి చూస్తే కొబ్బరితోటలన్నీ ఒకే దిక్కుకు పడుకొని ఉన్నాయి. ఇళ్ళు పోయినవాళ్ళు, మనుషులు పోయినవాళ్ళు ఉన్న ఊళ్ళో పెళ్ళి గురించి మాట్లాడడానికే నోరు రాలేదు. మా పిన్ని కూతురి ముహూర్తం అంతకుముందే పెట్టుకున్నారు. వాయిదా వేద్దామంటే తరువాత గురుమూఢం వస్తోందని సిద్ధాంతిగారు చెప్పారు. హంగు ఏమీ లేకుండా, ఇంటి మనుషుల మధ్య కానిచ్చేద్దామని పెద్దలు తేల్చారు.

కార్తీకమంటే కనకాంబరం, బంతి, మొదటి చేమంతి. కోతకు వచ్చిన బంతి మడులు నీళ్ళలో కుళ్ళిపోయాయి. పెరట్లో కనకాంబరం మొక్కలు వేళ్ళతో సహా లేచిపోయాయి. మామూలు రోజుల్లో అయితే మాకు లేకపోయినా భయం ఉండేది కాదు. రావులపాలెం దగ్గర గోదావరి దాటి జొన్నాడ మీదుగా కడియపులంక వెళితే తెల్లారకముందే పూల సంత మొదలయ్యేది, ఏ పువ్వయినా గంపలకు గంపలు దొరికేది. ఈసారి బాబాయి అక్కడిదాకా వెళ్ళి, మెడలో రెండు దండలకూ తలలోకి ఒక చెండుకూ సరిపడా పూలు మాత్రం తేగలిగాడు. పందిరికి ఏమీ లేదు.

అప్పటికి నాయనమ్మ బాగా పెద్దదైపోయింది, సూదిలో దారం ఎక్కించలేకపోయేది. కర్ర పట్టుకొని తోటలోకి నడిచి, పడిపోయిన చెట్ల మధ్య తిరిగి, ఒక చెట్టు మొవ్వు దగ్గర ఆగి పాలికాపును పిలిచింది. వేళ్ళు సగం భూమిలోనే ఉన్న చెట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి, వాటి మొవ్వుల్లో విచ్చని పొత్తులున్నాయి. ఒక పొత్తి కోయించి, కత్తితో నిలువునా చీల్పించింది. లోపల లేత మీగడ రంగులో కొబ్బరి పూత, ఒక్కొక్క ఈనెకూ వడ్లగింజల్లాంటి మొగ్గలు దట్టంగా పట్టి ఉన్నాయి. పడిపోయిన చెట్టు పూలు శుభానికి వాడవచ్చా అని మా పిన్ని సందేహపడితే, "చెట్టు పడేనాటికి ఈ పువ్వు పుట్టనే లేదు, దీనికేం మైల" అంది నాయనమ్మ. పందిరి నాలుగు రాటలకూ అరటి పిలకల బదులు ఆ పూగుత్తులనే కట్టారు, మామిడి తోరణాల మధ్య వాటి ఈనెలనే దూర్చారు. పురోహితుడు కలశం పక్కన కూడా ఒకటి పెట్టించారు. ఫొటోల్లో ఆ పెళ్ళి పందిరి చాలా ఖరీదైన అలంకారంలా కనిపిస్తుంది, సంగతి తెలియనివాళ్ళు అవేం పూలని ఇప్పటికీ అడుగుతారు.

ఆ తరువాత పెళ్ళిళ్ళు మెల్లగా పట్నాలకు, ఫంక్షన్ హాళ్ళకు మారాయి, మేమూ హైదరాబాదు చేరాం. ఇక్కడ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు తెల్లవారుజామున వెళ్ళి నిలబడితే ఏ మాసమో చెప్పలేరు. పాలీహౌసుల్లో పెంచిన జెర్బెరాలు, కార్నేషన్లు ఏడాది పొడవునా వస్తాయి. థాయిలాండు నుంచి విమానంలో ఆర్కిడ్లు దిగుతాయి. రాత్రి పెరిగితేనే మొగ్గ వేసే చేమంతికి కూడా రాత్రిళ్ళు బల్బులు వెలిగించి కొన్నాళ్ళు ఆపగలుగుతున్నారు, పగలే నల్లగుడ్డ కప్పి ముందుగా పూయించగలుగుతున్నారు. ఇదంతా చెడ్డదని నేను అనను. ముహూర్తం ఫాల్గుణ బహుళంలో పడ్డ తల్లి ఎంత హాయిగా నిద్రపోతుందో నాకు తెలుసు. నాకు నచ్చనిదల్లా ముందు రంగు ఎంచుకొని తరువాత పువ్వును వెతకడం. మొన్న మా మేనకోడలి పెళ్ళికి మాట్లాడడానికి వచ్చిన డెకరేషన్ అబ్బాయి ముహూర్తం ఎప్పుడని అడగకుండానే థీమ్ ఏమిటని అడిగాడు.

ముహూర్తం మార్గశిరంలో, పగటిపూట. మేనకోడలికి మల్లెల జడ కావాలి, అమ్మమ్మ పెళ్ళి ఫొటో చూసి ముచ్చటపడింది. డిసెంబరులో మల్లె దొరక్క కాదు, మదురై నుంచి వస్తుంది, మంచు దెబ్బకు దిగుబడి పడిపోయి ధర ఆకాశంలో ఉంటుంది. ధర పెట్టి కొన్నా ఆ చలికి మొగ్గ విచ్చదు, ఎలా కుట్టామో అలాగే బిగుసుకొని ఉండిపోతుంది. జడలు కుట్టే ఆవిడ కాగడా పూలతో కుడతానంది; చలికాలంలో తెల్లజడ కావాలంటే అందరూ కాగడాలే వాడతారు, చూడడానికి మల్లెలాగే ఉంటాయి, వాసన మాత్రం లేదు. అమ్మాయి రెండు రోజులు ఆలోచించి, "అత్తా, వాసన లేని తెల్లజడ కన్నా వాసన ఉన్న పచ్చజడ మేలు కదా" అంది. చిట్టి చేమంతులు తెప్పించి, వరసల మధ్య కనకాంబరాలకు బదులు దవనం పెట్టించాం. కుట్టే ఆవిడ అట్ట తెస్తే, నేను మా వాచ్‌మన్‌తో అరటి బోదె తెప్పించి పట్ట ఒలిచి ఇచ్చాను. రిసెప్షన్ వేదిక మీద ఆర్కిడ్లే పెట్టుకున్నారు, దానికి నేను అడ్డు చెప్పలేదు.

వచ్చే శ్రావణంలో మా అన్నయ్య కూతురి పెళ్ళి. ఆ పిల్లకు మొగలి రేకుల జడ సంగతి చెప్పాను, సరేనంది. ఊళ్ళో కాలవ గట్టు మీద రోడ్డు వెడల్పు చేసినప్పుడు పొదలన్నీ కొట్టేశారట. మా బాబాయి కొడుకు మాత్రం ఒక చేపల చెరువు గట్టు చివర ఒక పొద ఇంకా ఉందనీ, ఆషాఢంలో వెళ్ళి పొత్తి వేసిందో లేదో చూసి ఫొటో పంపుతాననీ చెప్పాడు. లేకపోతే లిల్లీలే.